ఐదు స్వరాల పాట ఎవరికి సులువు?

పిల్లలకి సంగీతం నేర్పే టీచర్లకి డిసెంబరు రాకముందే ఒక పని పడుతుంది. క్రిస్మస్ పాటల్లోంచి సులువైనవి ఏరి పెట్టుకోవాలి. ఏది సులువు అనేదానికి పాశ్చాత్య సంగీత బోధనలో ఒక లెక్క స్థిరపడిపోయి చాలా కాలమైంది. పెంటాటోనిక్ పాటలు, అంటే ఐదు స్వరాలతోనే నడిచే పాటలు ముందు నేర్పాలి. ఏడు స్వరాల పాటలు తర్వాత. ఐదు స్వరాల వరసని మన సంగీత భాషలో ఔడవం అంటారు. ఆ టీచర్లు ఎక్కువగా వాడే ఐదూ మన మోహన రాగం స్వరాలే: స రి గ ప ద. మధ్యమం, నిషాదం ఉండవు.

ఈ జల్లెడ పట్టి చూడండి. "జింగిల్ బెల్స్" పల్లవిలో మొదటి ముక్క ఐదు స్వరాల్లోనే ఉంటుంది గాని రెండో ముక్క మొదలవడమే మధ్యమం మీద. "సైలెంట్ నైట్" రెండో పాదంలోనే నిషాదం తగుల్తుంది. "జాయ్ టు ద వరల్డ్" మొదటి పాదమైతే ఏకంగా శంకరాభరణం అవరోహణ. పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా ఒక్క మెట్టూ వదలదు. లోకమంతా క్రిస్మస్ పాటలుగా ఎరిగిన పాటలు ఇట్లా పక్కకి పోగా, టీచర్ల జాబితాల్లో మళ్ళీ మళ్ళీ కనపడేవి "మేరీ హాడ్ ఎ బేబీ", "చిల్డ్రన్ గో వేర్ ఐ సెండ్ దీ" వంటివి. అంటే అమెరికాలో నల్లజాతి బానిసలూ వాళ్ళ సంతానమూ కట్టుకున్న స్పిరిచ్యువల్స్. యజమానుల చర్చి పాట పెద్ద తరగతికి, బానిసల పాట ఒకటో తరగతికి.

దళిత అధ్యయనాల పత్రికలో మోహన రాగం గొడవేంటి అనుకునేవాళ్ళుంటారు. మా గొడవ రాగంతో కాదు, "సులువు" అనే మాటతో. ఈ మాటని మేం చిన్నప్పట్నించీ వింటూ వచ్చాం. వాడలో పాట సులువు. నాట్లేసే ఆడవాళ్ళ పాట సులువు. చదువు రానోళ్ళు కట్టింది గాబట్టి సులువు. అదే మాట సముద్రానికి అవతల బానిసల పాటకి కూడా అంటుకుని కనపడినప్పుడు, ఇది పాట గుణమా, పాడినవాళ్ళ మీద తీర్పా అని అడగాల్సి వస్తోంది.

ముందు అవతలి వాదాన్ని దాని బలంతోనే చెప్పుకోవాలి. హంగరీ సంగీతకారుడు జొల్తాన్ కొడాయ్ (1882–1967) తన మిత్రుడు బేలా బార్తోక్‌తో పాటు పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించినవాడు. పాత పాటల్లో ఐదు స్వరాల బాణీలు అతనికి పుష్కలంగా దొరికాయి. గాంధారానికీ మధ్యమానికీ మధ్య, నిషాదానికీ పై షడ్జానికీ మధ్య ఉండే అర స్వరం దూరం చిన్నపిల్లల గొంతులో నిలబడదనీ, అవి లేని పాటలతో మొదలుపెడితే శ్రుతి కుదురుతుందనీ అన్నాడు. ఇందులో రాజకీయం కూడా ఉంది. నగరాల్లో చదువుకున్నవాళ్ళ చెవులు జర్మన్ బాణీలకి అలవాటుపడిపోయిన దేశంలో, మాటకి ఉన్నట్టే సంగీతానికీ మాతృభాష ఉంటుందనీ, పిల్లలు దాంతోనే మొదలవ్వాలనీ చెప్పాడు. ఈ మాట మాకు నచ్చుతుంది. రైతుల పాటని బడిలోకి తేవడం చిన్న పని కాదు. పిల్లలు ఐదు స్వరాల్లో తొందరగా శ్రుతిలో పడతారన్నది కూడా చాలామంది టీచర్ల అనుభవం. దాన్ని మేం కాదనడం లేదు.

రెండో పెద్దమనిషి జర్మనీకి చెందిన కార్ల్ ఓర్ఫ్ (1895–1982). గునిల్డ్ కేట్‌మాన్‌తో కలిసి 1950–54 మధ్య ఐదు సంపుటాలు తెచ్చాడు. మొదటి సంపుటం పూర్తిగా ఐదు స్వరాలదే. ఆ పద్ధతిలో వాడే చిన్న జైలోఫోన్లకి ఆఫ్రికా, ఇండోనేషియా వాయిద్యాలు నమూనాలు. వాటిలో ఒక్కో పలకని ఊడదీసే వీలుంది. మధ్యమం, నిషాదం పలకలు తీసి పక్కన పెడితే పిల్లవాడు ఎక్కడ కొట్టినా అపస్వరం రాదు. తెలివైన ఏర్పాటే. కాని దీని వెనకున్న ఆలోచన చూడాలి. మానవజాతి ఆదిమ దశ నుంచి నాగరిక దశకి ఎదిగిందట, ఒక్కో బిడ్డా ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కుతాడట, కాబట్టి బిడ్డ సంగీతం ఆదిమ సంగీతంతో మొదలవ్వాలట. అప్పట్లో యూరప్‌లో బాగా చెలామణీలో ఉన్న సిద్ధాంతమిది. జీవశాస్త్రం దీన్ని వదిలేసింది, సంగీతం క్లాసు వదల్లేదు. దీని ప్రకారం ఆఫ్రికావాడి వాయిద్యం ఎవరికి పనికొస్తుంది? యూరప్ పిల్లవాడికి. వాడు పెద్దయ్యాక దాన్ని వదిలేసి పియానో దగ్గరికి పోతాడు. మరి ఆఫ్రికావాడు? ఆ మెట్టు మీదే ఉండిపోయినట్టు లెక్క.

ఇక మన దగ్గరికి రండి. కర్ణాటక సంగీతం క్లాసులో మొదటి రోజు ఏం నేర్పుతారు? మాయామాళవగౌళలో సరళీ వరసలు. ఈ ఏర్పాటు పురందరదాసుది అని చెప్తారు. మాయామాళవగౌళలో అర స్వరం దూరాలు ఎన్నో లెక్కపెట్టండి. స–రి, గ–మ, ప–ద, ని–స. నాలుగు! కొడాయ్ ఏ దూరాలు చిన్నపిల్లల గొంతుకి పట్టవన్నాడో వాటినే తంజావూరులో, విజయనగరంలో ఐదారేళ్ళ పిల్లలు మొట్టమొదట పాడుతున్నారు. ఇది రెండు సగాలూ సమంగా ఉండే రాగం గాబట్టి పిల్లలకి సులువని ఇక్కడి గురువులూ చెప్తారు. అటు నాలుగు అర స్వరాలుంటే సులువు, ఇటు ఒక్కటీ లేకపోతే సులువు. రెండూ పిల్లల స్వభావం ఎట్లా అవుతాయి? పిల్లలు ఇంట్లో, వీధిలో, గుళ్ళో ఏం విన్నారో అదే వాళ్ళకి సులువు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే ప్రకృతి పేరు మీద వేసిన మెట్లన్నీ కదిలిపోతాయి.

ఇప్పుడు ఆ "సులువైన" క్రిస్మస్ పాట ఎక్కడ పుట్టిందో చూద్దాం.

బానిసలకి క్రిస్మస్ అంటే ఏమిటో ఫ్రెడరిక్ డగ్లస్ తన 1845 ఆత్మకథలో రాశాడు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవు. బుద్ధిగా చీపుర్లు కట్టుకునేవాళ్ళు, బుట్టలల్లుకునేవాళ్ళు కొందరుండేవాళ్ళు గాని, తాగి పడిపోయేవాళ్ళే యజమానులకి ఇష్టం. తిరుగుబాటు ఆవిరి బయటికి పోవడానికి పెట్టిన గొట్టం ఈ సెలవులు అని డగ్లస్ అభిప్రాయం. బానిసలు పాడుతున్నారు కాబట్టి సంతోషంగా ఉన్నారని అనుకునే ఉత్తరాదివాళ్ళని చూసి ఆశ్చర్యపోయానని కూడా అన్నాడు. హారియట్ జేకబ్స్ 1861లో అచ్చయిన పుస్తకంలో మిగతా సగం చెప్పింది. జనవరి 1 బానిసల్ని ఏడాదికి అద్దెకిచ్చే రోజు. ఎవరు ఎవరి పొలానికి పోతారో, ఏ బిడ్డ ఎక్కడికి అమ్ముడవుతుందో తేలే రోజు. ముందు రాత్రి తల్లి గుడిసె నేల మీద కూచుని పిల్లల మొహాలు చూసుకుంటూ ఉంటుంది. పాలేరు జీతాలు ఉగాదికి కుదిరే పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. పాలేరుతనమూ బానిసత్వమూ ఒకటేనని మేం అనడం లేదు. పండగ పక్కనే ఆ రోజు ఉండడం ఎట్లా ఉంటుందో మనకి కొంత తెలుసంటున్నాం.

"మేరీ హాడ్ ఎ బేబీ" దక్షిణ కరొలినా తీరంలోని సెయింట్ హెలీనా దీవి పాటగా పేరుపడింది. 1861 నవంబరులో ఉత్తరాది నౌకాదళం అక్కడికి రాగానే తోటల యజమానులు పారిపోయారు. నల్లవాళ్ళు ఆ నేల మీదే ఉండిపోయారు. 1862లో వాళ్ళ కోసం పెన్ స్కూలు పెట్టారు. 1867లో వచ్చిన "స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్" సంకలనంలో ఈ తీరపు దీవుల పాటలు చాలా ఉన్నాయి. దాని సంపాదకులు ముగ్గురూ తెల్లవాళ్ళే అయినా ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకున్నారు. తాము కాగితం మీద పెట్టింది పాటకి నీడ మాత్రమేనని, ఏ ఇద్దరూ ఒకేలా పాడరనీ, అయినా అంతా కలిసే ఉంటుందనీ, గొంతు జారే జారుళ్ళని స్వరాల్లో రాయలేకపోయామనీ అన్నారు.

మేం ఇక్కడ కొంచెంసేపు ఆగుతాం. ఎందుకంటే ఐదు స్వరాలు అని తేల్చింది ఆ నీడని చూసి. స్పిరిచ్యువల్స్ పాడేవాళ్ళ గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. నల్లవాళ్ళ సంగీతం గురించి రాసేవాళ్ళు దాన్ని "బ్లూ నోట్" అంటారు. కర్ణాటక సంగీతంలో ఇట్లా ఊగితే గమకం అంటారు, శాస్త్రం అంటారు, పదేళ్ళ సాధన కావాలంటారు. ఇటు బానిస గొంతులో ఊగితే లెక్కలోకే రాదు. కాగితం మీద ఐదు చుక్కలు మిగుల్తాయి. ఆ ఐదు చుక్కల్ని ఐదు పలకల మీద కొట్టిస్తారు. జైలోఫోన్ పలక మీద గాంధారం ఊగదు. చివరికి చేతికి వచ్చేది నిజంగానే సులువు, ఎందుకంటే కష్టమైనదంతా ముందే తీసేశారు.

సాహిత్యం సంగతీ అంతే. పాట మేరీ బిడ్డని కన్నదని చెప్తుంది, ఏం పేరు పెట్టారని అడుగుతుంది, ఎక్కడ పడుకోబెట్టారని అడుగుతుంది. ఒకరు ఎత్తుకుంటే అందరూ జవాబిస్తారు. అంతదాకా జోలపాటలా ఉంటుంది. కాని ప్రతి చరణం చివరా ఒక మాట వస్తుంది. జనం వస్తూనే ఉన్నారు, రైలు మాత్రం వెళ్ళిపోయింది అని. బెత్లెహేములో రైలేమిటి? ఆ రైలు మోక్షమనీ విముక్తి అనీ రకరకాలుగా అర్థాలు చెప్పేవాళ్ళున్నారు. మాకు మాత్రం అది తప్పిపోయిన రైలు కావడమే ముఖ్యంగా తోస్తుంది. రక్షకుడు పుట్టాడన్న కబురులోనే ఆలస్యమైపోయినవాళ్ళ గురించి కూడా పెట్టి పాడారు. పిల్లలకి అర్థం కాదని ఏ టీచరైనా ఆ పాదం కోసేస్తే మిగిలేది ఉత్త జోలపాట. అది సెయింట్ హెలీనా దీవివాళ్ళ పాట కాదు.

ఇట్లా చెయ్యనివాళ్ళు కూడా ఉన్నారు. రూత్ క్రాఫర్డ్ సీగర్ 1948లో పిల్లల కోసం అమెరికా జానపద గీతాల పుస్తకం, 1953లో క్రిస్మస్ జానపద గీతాల పుస్తకం తెచ్చింది. ఆమె స్వయంగా ఆధునిక సంగీతం రాసిన పెద్ద స్వరకర్త. ఆ చదువున్న మనిషి, జానపదుల బాణీలోని వంకరల్ని సాపు చెయ్యకూడదని పట్టుబట్టింది. పాటని మెట్టుగా కాకుండా పాటగా చూడడం టీచరుకి సాధ్యమేనని చెప్పడానికి ఆ రెండు పుస్తకాలు చాలు.

కొడాయ్ పద్ధతి 1960ల్లో అమెరికా బళ్ళలోకి వెళ్ళాక జరిగినదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. మాతృభాషలో మొదలెట్టాలి కదా. అమెరికా టీచర్లు తమ మాతృభాష కోసం వెతుక్కుంటే దొరికిన వాటిలో నల్లపిల్లల ఆటపాటలూ స్పిరిచ్యువల్సూ బోలెడు. తెల్లపిల్లలు వాటితో శ్రుతి నేర్చుకున్నారు. మంచిదే. కాని ఎవరి మాతృభాష అది? అరువు తెచ్చుకున్నవాడు ఇచ్చినవాడి పేరు చెప్పాలి కదా. పేరు చెప్పకుండా "అమెరికన్ జానపదం, ఐదు స్వరాలు, రెండో తరగతి" అని చీటీ అంటించడం వేరే పని.

మన దగ్గర పిల్లలు ఐదు స్వరాల రాగాన్ని మొదట ఏ పాటతో కలుస్తారు? మోహనలో "వరవీణా" అనే గీతంతో. అది లక్ష్మీ స్తుతి. దానికంటే ముందు మలహరిలో "శ్రీ గణనాథ". అది వినాయకుడి మీద. వీటిని ఎవ్వరూ మతబోధ అనరు, సంగీత పాఠం అంటారు. అదే టీచరు మోహన స్వరాల్లో ఒక క్రిస్మస్ పాట నేర్పితే మతప్రచారం అయిపోతుంది. మేం విశ్వవిద్యాలయానికి వచ్చాకే మోహన అనే పేరు విన్నాం. విన్నాక తెలిసింది, వాడలో మేం పాడిన పాటల్లో కొన్ని అదే దారిలో నడుస్తాయని. పేరు ఒకరి దగ్గరుంది, పాట ఇంకొకరి దగ్గరుంది.

వాడ పిల్లవాడికి ఇంకో చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపుని మతంతో ముడిపెట్టింది. క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళని ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.–సి కింద పెట్టారు. అంచేత ఆదివారం పాడిన పాట సోమవారం బళ్ళో నోట రాకూడదని అమ్మానాన్నలే చెప్పి పంపే ఇళ్ళు ఎన్నో. పెంటాటోనిక్ పాటతో గొంతు తెరుచుకుంటుందని పుస్తకాలు అంటాయి. ఇక్కడ పిల్లవాడు గొంతు ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో సరళీ వరసల కంటే ముందే నేర్చుకుంటాడు.

మరి మన చర్చిలు, మన సండే స్కూళ్ళు ఏం చేస్తున్నాయి? అక్కడ రెండు రకాల పాటలకి పెద్దపీట. ఒకటి, ఇంగ్లీషు కీర్తనల తర్జుమాలు. ఇంగ్లీషులో మాట ఊనిక మీద నడుస్తుంది, తెలుగు గురు లఘువుల మీద నడుస్తుంది. బాణీ అక్కడిదే ఉంచి మాట మార్చేసరికి హ్రస్వం ఉన్నచోట గొంతు సాగుతుంది, దీర్ఘం ఉన్నచోట తెగుతుంది. పిల్లలు మాటలు మింగేసేది శ్రద్ధ లేక కాదు, మాట బాణీలో పట్టక. రెండోది, రాగతాళాల పేర్లతో అచ్చయ్యే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. వీటికి దారి వేసినవాళ్ళలో ముఖ్యుడు పురుషోత్తమ చౌధరి (1803–1890), బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయన కీర్తనలు పాడి కన్నీళ్ళు పెట్టుకున్న మాదిగ, మాల అవ్వలు వేలమంది ఉంటారు, ఆ కీర్తనలు వాళ్ళవి కూడా అయ్యాయి. ఆ గౌరవం ఇచ్చే మాట్లాడాలి. అయినా ఆ భాష, ఆ రాగం పై మెట్టు అనీ, రాత్రిపూట నక్షత్రం కట్టిన కర్ర పట్టుకుని డోలక్, కంజీరతో ఇంటింటికీ తిరిగి పాడే పాట కింది మెట్టు అనీ సంఘంలోనే ఒక తరతమ భేదం స్థిరపడింది. మేం పెరిగిన చోట డప్పు చర్చి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. చచ్చిన గొడ్డు తోలు అని హిందువులు అన్నమాటనే మన పెద్దలూ అన్నారు.

తమిళనాడులో దీని మీద గట్టిగా పోరాడినవాడు జేమ్స్ తియోఫిలస్ అప్పావు. మదురైలోని తమిళనాడు తియోలాజికల్ సెమినరీలో ఉండి, పరై వాయిద్యాన్నీ పల్లె బాణీల్నీ ఆరాధనలోకి తెచ్చాడు. తంజావూరు వేదనాయగం శాస్త్రి వంటివాళ్ళు శాస్త్రీయ రాగాల్లో స్థిరపరిచిన కీర్తన సంప్రదాయానికి ఎదురుగా ఈ పని చేశాడు. జానపదాన్ని ఆయన సులువని ఎంచుకోలేదు. పాడేవాళ్ళు దాన్ని మార్చుకోగలరని, తమ గోడు అందులో పెట్టుకోగలరని ఎంచుకున్నాడు. 2005లో చనిపోయాడు. ఆయన పని మీద జోయీ షెరీనియన్ 2014లో పుస్తకం తెచ్చింది.

ఇక్కడ మన వాళ్ళని కూడా నాలుగు మాటలు అనాలి. దళిత సాంస్కృతిక సభల్లో "మన పాట సరళం, మన పాట సహజం" అని గర్వంగా చెప్తుంటాం. అది ఓర్ఫ్ వెనకున్న సిద్ధాంతాన్నే తిప్పి కప్పుకోవడం. డప్పు దరువుల్లో తేడాలు చెవితో పట్టుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో మాదిగవాడలో ఏ కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు. పైగా వాడ పాటలన్నీ ఐదు స్వరాలవి కావు. మధ్యమం ఉన్నవి, నిషాదం తాకి వచ్చేవి, ఏ రాగం పేరుకీ ఒదగనివి ఉన్నాయి. ఐదు స్వరాల్లో లేదు గాబట్టి పిల్లలకి పనికిరాదని మన టీచర్లే వాటిని పక్కన పెడితే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

మరి ఏరడం మానుకోవాలా? అక్కర్లేదు. టీచరుకి రేపు క్లాసుంది, పాట కావాలి. మేమైతే స్వరాలు లెక్కపెట్టే ముందు, ఒకరు ఎత్తుకుని అందరూ అందుకునే పాటేనా అని చూస్తాం. అట్లాంటి పాటలో కొత్తగా వచ్చిన పిల్లవాడికి కూడా మొదటి రోజే ఒక జవాబు పాదం దొరుకుతుంది. వారం తిరిగేసరికి ఎత్తుకునే వంతు వాడికే ఇవ్వొచ్చు. తర్వాత తెలుగు మాట బాణీలో నలగకుండా కూచుందా అని చూస్తాం. ఐదు స్వరాలైతే సంతోషం, ఆరైనా ఫర్వాలేదు. వాడలో నలభై ఏళ్ళుగా క్రిస్మస్ పాటలు ఎత్తుకుంటున్న ఆడవాళ్ళుంటారు. వాళ్ళని క్లాసుకి పిలిచి, పిల్లలకి నోటితోనే నేర్పించాలి. స్వరం రాయడం, పలకల మీద వెతకడం ఆ తర్వాత. గొంతు ఊగినచోట పలక చాలదని పిల్లలే కనిపెడతారు.

దాని పక్కనే "మేరీ హాడ్ ఎ బేబీ"ని కూడా నేర్పాలని మా మాట. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నప్పుడు ఆ చుట్టరికం మనం కలుపుకున్నదే. నేర్పేటప్పుడు రైలు పాదం కొయ్యొద్దు. తొమ్మిదేళ్ళ పిల్లలకి జనవరి ఒకటో తారీకు సంగతి చెప్పొచ్చు, వాళ్ళు తట్టుకుంటారు. వలస పోయిన అమ్మానాన్నలు పండక్కి వస్తారో రారో అని చూసే పిల్లలు ఆ క్లాసులోనే ఉంటారు. వెళ్ళిపోయిన రైలంటే ఏమిటని వాళ్ళు మనల్ని అడక్కపోవచ్చు.

డప్పు సంగతి మిగిలింది. ఆరాధనలోకి తెస్తే లేచి వెళ్ళిపోయే పెద్దలు ఇప్పటికీ కొన్ని సంఘాల్లో ఉన్నారు. వాళ్ళతో చర్చలు పెట్టుకుంటూ ఇంకో డిసెంబరు పోగొట్టుకోవడం అనవసరం. ఇంటింటికీ తిరిగి పాడే రాత్రులు ఎట్లాగూ ఉన్నాయి. పిల్లల చేత డప్పుతో ఆ పెద్దల వాకిట్లోనే ముందు పాడించాలి.